పొగ పోయిన దారి

నా మనవరాలు శ్యామల అడవి అంచున ఉన్న పామాయిల్ మిల్లులో టర్బైన్ చూస్తుంది. ఆ రాత్రి నేను అన్నం గిన్నె తీసుకెళ్లేసరికి పిల్ల మొహం పాలిపోయి ఉంది. టర్బైన్ తిప్పిన ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లోకి ఎక్కడినుంచో గాలి దూరి వాక్యూమ్ పడిపోతోందట. ఇంకాస్త పడితే మిషన్ ఆగిపోతుంది, బయట ట్రాక్టర్లలో ఉన్న మా ఊరి గెలలన్నీ పాడైపోతాయి.

గాలి దూరే సందు వెతకడానికి శ్యామల టర్బైన్ ఇరుసు చుట్టూ ఉండే షాఫ్టు సీలు దగ్గర అగరుబత్తి పెట్టింది. పొగ లోపలికి పోయింది. సీలుకు ఆవిరి పెంచితే అక్కడ గాలి దూరడం ఆగింది గానీ, వాక్యూమ్ ముల్లు ఇంకా దిగుతూనే ఉంది.

అప్పుడు పొగ మెల్లగా వంగి, మెట్ల కింది చీకట్లోకి తాడులా సాగింది.

"గాలి గిట్ల కొట్టిందేమో బిడ్డా?"

"తలుపులన్నీ మూసే ఉన్నయ్ అమ్మమ్మా. సందు బెత్తెడు దూరం నుంచే పొగను గుంజుతది. గా మెట్ల కిందికేమో పది గజాలున్నది!"

"గిట్లనే వణుక్కుంట నిలబడతవా ఏంది? నడువ్, నేనున్న."

పొగ వెంటే దిగాం. ఒక పైపు జాయింటు దగ్గర సన్నగా ఈల వినిపించింది. శ్యామల బోల్టులు బిగించి గ్రీజు పూసింది. ఈల ఆగింది. ముల్లు పైకి లేచింది. పిల్ల నన్ను వాటేసుకుని నవ్వింది, అంతలోనే బిగుసుకుపోయింది.

"సందు మూసినం గదా అమ్మమ్మా... పొగ ఇంకా పోతున్నదేంది?"

పొగ జాయింటు దాటి గోడ మూలకు పోతోంది. ఆగుతోంది, మళ్లీ సాగుతోంది, ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నట్టు.

ఇంకో అగరుబత్తి వెలిగించి ఆ మూలన గుచ్చాను.

"ఎవరైతేంది, సందు చూపిచ్చి మేలు చేసిన్రు. పీల్చుకోనీ బిడ్డా."