లౌంజిలో ఐసు

పాగోపాగో విమానాశ్రయంలో, లౌంజి గాజుతలుపు ముందు రబ్బరు చెప్పుల ముసలాయన ఒకడు నిలబడి లోపలి వైభవాన్ని తిలకిస్తున్నాడు.

"అడ్డు తప్పుకోండి పెద్దాయనా," అంది మకెరీటా.

ఆమె సామాన్యురాలు కాదు. వంశానికి పెద్దగా పట్టం కట్టించుకున్న మనిషి. చంకలో చుట్టిపెట్టిన సన్ననేత చాప, చేతిలో ముప్పై డాలర్లు పోసి కొన్న ప్రవేశపత్రం.

"అమ్మా, లోపల ఐసు ఉంటుందట కదా?"

"ఉంటుంది. అయితే?"

ముసలాయన అరటాకు పొట్లం ఒకటి చూపించాడు. "ఆకుమందు. ఈ వేడికి వాడిపోతోంది. రెండు ముక్కలు తెచ్చిపెడితే..."

"లోపలిది బయటికి తేకూడదు. కావాలంటే మీరూ డబ్బు కట్టి రండి."

"అంత డబ్బుకీ ఏమిస్తారు తల్లీ?"

"చల్లగాలి, మెత్తటి కుర్చీ, తిండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ పలకరించరు."

"పలకరించనందుకు డబ్బా?" ముసలాయన నిజంగానే విస్తుపోయాడు. "మా ఇంట్లో ఊరికే మానేస్తారే!"

మకెరీటా నవ్వలేదు. గాజుతలుపు ఆమెను సగౌరవంగా లోపలికి తీసుకుని, ముసలాయన్ని బయటే ఉంచి మూసుకుంది.

సింహాసనం వంటి కుర్చీలో ఆసీనురాలు కాగానే చెల్లెలు ఫెతు ఫోను చేసింది.

"మతిపోయిందా అక్కా? కాసేపు కూర్చోడానికి ముప్పై డాలర్లా?"

"సాయంత్రం తాఊ దీవిలో, వాళ్ళ వాకిట్లో, ఈ చాప కప్పుకుని మోకాళ్ళ మీద కూర్చోవాలి. ట్రక్కుతో గుద్ది వాళ్ళ అమ్మాయి కాలు విరగ్గొట్టింది నా కొడుకు. తల వంచేది నేను. వంచేదాకా ఎత్తుకునే ఉంటాను. దానికి ముప్పై డాలర్లు చవక!"

"వాళ్ళ ఇంటిపెద్ద క్షమించి చాప ఎత్తకపోతే?"

"ఎత్తేదాకా కదలను. కానీ ఇవాళే చేరాలి. ప్రార్థన గంట మోగేలోపు ఆ వాకిట్లో చాప కనబడకపోతే, పాదిరిగారింట్లో దాక్కున్న నా కొడుకుని ఊరి కుర్రాళ్ళు బయటికి లాగుతారట."

ఫోను పెట్టేసి, ఇచ్చిన డబ్బుకు న్యాయం చేయడమనే ధర్మకార్యానికి ఆమె ఉపక్రమించింది. కోడి ముక్కలు, కేకు, మళ్ళీ కోడి ముక్కలు. నిశ్శబ్దం అద్భుతంగా ఉంది.

మరీ అద్భుతంగా ఉందని తోచి బయటికి వచ్చేసరికి, ప్రయాణికులందరినీ త్రాసు మీద తూచేశారు. చిన్న విమానం కదా, మనిషినీ మూటనూ ఒకే గౌరవంతో తూస్తారు.

"ఎక్కడికి పోయారు ఆంటీ? పిలిచి పిలిచి గొంతు పోయింది," అంది త్రాసు దగ్గరి అమ్మాయి.

"లోపల వినబడలేదే!"

"వినబడదు. ప్రశాంతత కోసం." అమ్మాయి ముల్లు చూసి మొహం ముడుచుకుంది. "ఎదురుగాలి అని ఇంధనం ఎక్కువ పోశారు. బరువు మించిపోయింది. చివర వచ్చినవాళ్ళు ఆగాలి. రేపు పొద్దున ఇంకోటి ఉంది."

"నా పెట్టె దించు. చెప్పులు దించు. ఈ చాపనీ నన్నూ మాత్రం ఎవడు దించుతాడో చూస్తాను!"

మకెరీటా త్రాసు మీదే చతికిలబడింది. ముల్లు ఆమె పౌరుషాన్ని కూడా కలుపుకుని మరింత ముందుకు జరిగినట్టనిపించింది.

వరసలోంచి రబ్బరు చెప్పుల చప్పుడు వినిపించింది.

"నన్ను ఆపమ్మా."

"మీరు అందరికన్నా ముందు తూగారు కదా తాతా!"

"ముందు తూగితే ఆగిపోయే హక్కు పోతుందా?"

మకెరీటా తలెత్తింది. "నా కోసం మీరెందుకు?"

"పెళ్ళికి పోయే మనిషి చాపని ఇలా గుండెకి అదుముకోదు. క్షమించమని అడగబోతున్నావు. ఎవరింటికో నేను అడగను, అడగకూడదు."

"మీ ఇంట్లో ఎదురుచూడరా?"

"వారం నుంచీ ఒకడి మీద పళ్ళు నూరుతున్నాను తల్లీ. ఇంకో పూట నేను లేకపోతే ఇంటిల్లిపాదికీ హాయి." అరటాకు పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇది మాత్రం తీసుకెళ్ళు. దిగగానే మా పిల్ల వచ్చి అడుగుతుంది."

మకెరీటా లౌంజి వైపు ఉరికింది.

"ఒకసారి బయటికొస్తే పత్రం చెల్లదండీ," అన్నాడు తలుపు దగ్గరివాడు.

"రెండు ఐసు ముక్కలయ్యా!"

"లోపలిది బయటికి ఇవ్వకూడదండీ."

విమానంలో దారి పొడుగునా ఆ పొట్లాన్ని గాలి వచ్చే కన్నానికి దగ్గరగా ఎత్తి పట్టుకుంది. తాఊలో దిగగానే ఒక పిల్ల పరుగున వచ్చి, "మా తాత పంపింది ఇదేనా?" అంటూ అందుకుని మాయమైంది.

ప్రార్థన గంట మోగకముందే మకెరీటా ఆ వాకిట్లో కూర్చుంది. వెనక, ముందే దీవి చేరిన తమ్ముళ్ళు; నెత్తిన చాప. చేతుల్లో రాళ్ళతో చుట్టూ మూగిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే వాటిని జారవిడుస్తున్న చప్పుడు వినబడింది.

చాప ఎత్తడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇంట్లో ఎవరో ఏదో నూరుతున్నారు. ఘాటైన పచ్చి వాసన చాప కిందికి వచ్చింది. ఎక్కడో ఎరిగిన వాసన.

కిటికీలోంచి నీరసంగా ఒక ఆడగొంతు పలికింది. "లేవండమ్మా. చాప ఎత్తాల్సింది మా నాన్న. ఆయన రేపు గాని రాడు."

"రేపటిదాకా ఇక్కడే ఉంటాను," అంది మకెరీటా, తల వంచుకునే.

"మీ ఇష్టం. విమానంలో తన చోటు ఎవరో ఆవిడకి ఇచ్చేశానని ఫోను చేశాడు. కాస్త వాడిపోయింది గానీ, నా కాలికి ఈ ఆకు తెచ్చింది కూడా ఆవిడేనట."