కెప్టెన్ గారి కోసం

"పేరెంట్సా ఆంటీ? కింద హాల్లో కూర్చోండి, క్లాసు అవుతోంది," అంది టీచర్ అరుణశ్రీ.

గుమ్మంలో నిలబడ్డ ఆమె కదల్లేదు. బయట ఎండ మండిపోతున్నా ఆమె బట్టలు తడిసి ముద్దయి ఉన్నాయి.

"పిల్లలతో మాట్లాడతానని మాటిచ్చానమ్మా. రాకపోతే బాగోదని వచ్చాను."

ఏ పిల్లకి ఏం మాటిచ్చిందో అడిగే తీరిక అరుణశ్రీకి లేదు.

"సరే, వెనక బెంచీలో కూర్చోండి. ఇవాళ షిప్పు కెప్టెన్ గారొస్తున్నారు మా క్లాసుకి."

ఆమె అదోలా నవ్వి, వెళ్లి కూర్చుంది.

గదిలో ఒక్కసారిగా చలేసింది. అరుణశ్రీ ఏసీ కట్టేసింది. చలి తగ్గలేదు.

సింగపూర్‌లోని హౌగాంగ్‌లో ప్రతి శనివారం, మాటమాటకీ చివర 'లా' తగిలించే తెలుగు పిల్లలకి జర్మన్ నేర్పుతుంది అరుణశ్రీ. మాటని బట్టి పిల్లల ఊహ ఎలా మారుతుందన్నదే ఆమె పరిశోధన. జర్మన్‌లో ఏ ఉద్యోగానికైనా మగవాళ్లకో మాట, ఆడవాళ్లకో మాట. కిందటి వారం కెప్టెన్‌కి మగ మాట ఒక్కటే చెప్పి బొమ్మ గీయమంటే, తొమ్మిది మందీ తొమ్మిది మీసాలు గీశారు.

ఇవాళ రెండు మాటలూ చెప్పింది. ఒక్కరైనా ఆడమనిషిని గీస్తే మూడేళ్ల కష్టం ఫలించినట్టే.

పిల్లల్ని బొమ్మలు గీస్తూ ఉండమని, తను కెప్టెన్‌కి ఎదురెళ్లడానికి లిఫ్టు దగ్గరికి పరుగెత్తింది. తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన దిగగానే వంగి నమస్కారం పెట్టేసింది కూడా. పాపం, ఆయన లైట్లు బాగుచేయడానికి వచ్చాడట.

అరగంట చూసి ఉసూరుమంటూ తిరిగొచ్చింది. వెనక బెంచీ ఖాళీగా ఉంది. దానికింద నీళ్లు నిలిచాయి.

బొమ్మలు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. తొమ్మిది మందీ ఆడమనిషినే గీశారు!

"చూశారా! మాట మారిస్తే మనసే మారిపోతుంది," అంది పొంగిపోతూ.

అప్పుడు గమనించింది. తొమ్మిది బొమ్మల్లోనూ జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

ఇంతలో ఫోను మోగింది. షిప్పింగ్ ఆఫీసులో పనిచేసే గోపీకృష్ణ. కెప్టెన్‌ని పంపిస్తానన్నది అతనే.

"సారీ అరుణా. తెల్లవారుజామున మా షిప్పు మునిగిపోయింది. స్టాఫంతా బోట్లో బయటపడ్డారు. కెప్టెన్ ఒక్కరే..."

అరుణశ్రీ ఫోను పెట్టేసింది. పిల్లలకి ఎలా చెప్పాలో తెలియలేదు.

"పిల్లలూ, కెప్టెన్ అంకుల్ ఇంక రారమ్మా."

ఉజ్వల పెన్సిల్ ఆపి తలెత్తింది.

"విచ్ అంకుల్, టీచర్? కెప్టెన్ ఆంటీ వచ్చి స్టోరీ అంతా చెప్పింది లా, అందర్నీ బోట్ ఎక్కించాక షిప్‌లో తనొక్కతే ఉండిపోయిందంట."