ఎదురు

తితినియా మళ్ళీ తలుపు కొట్టింది. ఈసారి రెండు చేతులతో.

"ఆగమ్మా, ఆగు! ఇది అగ్నికన్యల ఇల్లు. సారా కొట్టు కాదు" అంటూ కాపలావాడు తలుపు సగం తీశాడు.

"మా అన్నను చంపడానికి తీసుకెళ్తున్నారు. లోపలి కన్యల్లో ఒక్క అమ్మను బయటికి పంపించండి. ఒక్కసారి వీధిలోకి వస్తే చాలు."

"ఏం చేశాడు మీ అన్న?"

"ఏమీ చెయ్యలేదు. గుడి కప్పు మీద పెంకులు సర్దుతున్నాడు. కింద కంచు దీపం పోయింది. పైన ఉన్నది వాడొక్కడే కాబట్టి దొంగ వాడే అన్నారు."

కాపలావాడు నిట్టూర్చాడు. దేవుడి సొత్తు దొంగిలించినవాడికి చావే.

అయితే రోమ్‌లో ఇంకో ఆచారం కూడా ఉంది. వెస్తా దేవత అగ్నిని కాచే ఆరుగురు కన్యల్లో ఏ ఒక్కరు ఎదురుపడినా, చావుకు నడుస్తున్న మనిషిని అక్కడికక్కడే విడిచిపెట్టాలి. తితినియా పట్టుకుని వచ్చిన ఆశ అదొక్కటే.

"నీకు సగమే తెలుసు" అన్నాడు కాపలావాడు, గొంతు తగ్గించి. "ఎదురు అనుకోకుండా పడాలి. 'ఇతను ఇటు వస్తున్నాడని నాకు తెలియదు' అని ఆమె దేవత మీద ప్రమాణం చెయ్యాలి. నీ మాట చెవిన పడిందా, ఇక ఆమె పనికిరాదు. తెలిసీ ప్రమాణం చేస్తే ఊరంతటికీ అరిష్టం."

"ఊరికి అరిష్టం రాకూడదు. మా అన్న మాత్రం పోవచ్చు!"

"అరవకు తల్లీ, లోపల వింటారు. పో, అన్నను చూసుకో. అదృష్టం బాగుంటే ఎవరో ఒకరు ఎదురుపడతారు."

తలుపు మూసుకుంది.

తితినియా ఎస్క్విలిన్ ద్వారం వైపు పరుగెత్తింది. అన్నను ఆ ద్వారం బయటి మైదానానికే తీసుకెళ్తారు. పెద్ద వీధంతా జనం. సందుల దారి పట్టింది. ఉన్ని దువ్వుతూ దువ్వుతూ లేచి వచ్చిందేమో, జుట్టు నిండా పీచు. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది.

చివరి సందులో ఒక పల్లకీ దారికి అడ్డంగా ముందు నడుస్తోంది. అటు గోడ, ఇటు గోడ. పక్కనుంచి పిల్లి కూడా దూరలేదు.

"జరగండి! దారివ్వండి!"

"ఎక్కడికి జరగమంటావు, గోడెక్కమంటావా?" అన్నాడు వెనక బోయీ.

"ఎక్కు! నాకేం! నన్ను పోనివ్వు!"

పల్లకీ తెర తొలగింది. ముతక శాలువా కప్పుకున్న ఒక పడుచు. ముఖం పాలిపోయి ఉంది. దగ్గు ఆపుకుంటూ అడిగింది.

"ఎందుకమ్మా అంత తొందర?"

"మా అన్న స్పురియస్‌ను చంపడానికి తీసుకెళ్తున్నారు. ఈ సందు చివర, పెద్ద వీధిలో, ఇప్పుడే. ఒక్కసారి ముఖం చూసుకోవాలి."

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎందుకు చెప్పావు నాకు?" అంది చాలా మెల్లగా.

"అడిగారు కాబట్టి చెప్పాను!"

తర్వాత బోయీలతో అంది. "దించండి. ఈ అమ్మాయి వెళ్ళాక వెనక్కి తిప్పండి."

"అమ్మా, ఇంకో ఇరవై అడుగులేస్తే పెద్ద వీధి. వైద్యుడు చూస్తుంటాడు."

"ఆ వీధిలోకి నేను రాకూడదు. తిప్పండి."

బోయీలు పల్లకీని నేలకు దించారు. తితినియా దాని కొయ్యల మీదుగా ఎక్కి దాటింది. దాటుతూ వెనక్కి తిరిగి చూసింది.

"చావబోయేవాణ్ణి చూస్తే మైల అంటుతుందా? మీ గొప్పవాళ్ళంతా ఇంతే."

ఆమె శాలువా ముఖం మీదకు లాక్కుంది.

వీధిలో అన్న దొరికాడు. మెడకు తాడు, ముందు ఇద్దరు భటులు, వెనక ఇద్దరు.

"జుట్టేంటే, గొర్రెలా ఉన్నావు" అన్నాడు నవ్వడానికి చూస్తూ.

"అన్నయ్యా, చుట్టూ చూస్తూ నడువు. అగ్నికన్య ఎవరైనా..."

"ఇందాకట్నుంచీ అదే చూస్తున్నా. శనగలు అమ్మేవాళ్ళు తప్ప ఎవరూ రావడంలేదు."

ఇద్దరూ ప్రతి సందు మొదటా తలలు తిప్పి చూశారు. అగ్నికన్యలు కట్టేలాంటి తెల్లబట్ట కనిపిస్తే తితినియా గుండె ఎగిరిపడేది. ఒకటి ఆరేసిన దుప్పటి. ఒకటి పెళ్ళికి పోతున్న ముసలాయన. ద్వారం దగ్గర భటుడు ఆమెను చేత్తో ఆపేశాడు. అన్న ఒక్కడే బయటికి నడిచాడు.

పదిహేను రోజులకు వెస్తా పండుగ వచ్చింది. గాడిదల మెళ్ళో రొట్టెల దండలు వేశారు. ఆడవాళ్ళు వట్టికాళ్ళతో గుడికి బయల్దేరారు. తితినియా రానంది. పక్కింటి వెనోనియా చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"దేవత మీద అలిగితే పొయ్యి వెలుగుతుందా? నడువు."

గుడి ముందు జనం రెండుగా చీలారు. అగ్నికన్యలు వస్తున్నారు. ఎదురుగా వస్తున్న, రోమ్‌ను ఏలే కాన్సుల్ కూడా పక్కకు తప్పుకున్నాడు. అతని భటులు అధికారానికి గుర్తుగా మోసే కర్రల కట్టలను మర్యాదగా దించారు.

"ఆ చివరామెను చూశావా?" అంది వెనోనియా. "జబ్బుచేసి రెండు నెలలు ఎవరో పెద్దింటామె దగ్గర ఉందట. నిన్ననే తిరిగొచ్చింది. పాపం, ఎలా చిక్కిపోయిందో!"

తితినియా తల ఎత్తింది.

ముసుగులోంచి తన వంక చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నది, ఆ రోజు సందులో పల్లకీ వెనక్కి తిప్పించిన మనిషే.