దరఖాస్తు ఫొటో

"మీ అమ్మాయిని లోపలికి పంపండి," అంది బడి వంటశాల మేనేజరు, దరఖాస్తు మీది ఫొటో చూస్తూ.

"అది నేనేనండీ," అంది యాభై నాలుగేళ్ల ఓక్సిమ్.

"ఫొటోలో దవడ కూడా చెక్కించేశారే!"

"ముడతలు తీయడానికే డబ్బిచ్చానండీ. దవడ స్టూడియోవాడు ఊరికే చెక్కాడు. సొంత మొహం పంపితే ఈ సియోల్‌లో పనికి ఎవరు పిలుస్తారు?"

మేనేజరు నవ్వలేదు. "మూడొందల మంది పిల్లలకు కిమ్చీ పచ్చడి పెట్టాలి. ఈ పిల్ల ఒక్క క్యాబేజీ అయినా కోసిందంటే నేను నమ్మను."

ఉద్యోగం చేజారిపోతోంది. ఓక్సిమ్ ఫొటో వంక చూసింది. ముప్పై ఏళ్ల వంట ఆ మొహంలో ఎక్కడా లేదు. డబ్బిచ్చి మరీ తుడిపించుకుంది.

"ఈ పిల్లను నేనూ పెట్టుకోనండీ," అంటూ క్యాబేజీ ఊరేసే ఉప్పునీళ్లకు పగిలిన చేతులు బల్ల మీద పెట్టింది. "ఇవి ఫొటోలో పడలేదు కాబట్టి బతికిపోయాయి."

మేనేజరు వాటిని తిప్పి చూసింది. "సోమవారం ఏడింటికి రండి. ఆ పిల్లను మాత్రం తీసుకురాకండి."