కంచె మీద దొర

ముసలి దొరసాని చేతికర్ర చివరతో డీపోల్ట్ శిరస్త్రాణాన్ని టక్కున తట్టింది.

మఠం వసారాలో గుసగుసలు ఆగిపోయాయి. రేపటి బల్లేల పోటీలో దిగే దొరల శిరస్త్రాణాలన్నీ అక్కడ బల్లల మీద వరసగా పెట్టి ఉన్నాయి. వాటి ముందు నుంచి స్త్రీలు నడిచి వెళ్తారు. ఎవరైనా ఒకదాన్ని తాకారంటే, అది పెట్టుకునేవాడి మీద ఫిర్యాదు చేసినట్టే.

"ఎషెన్‌ఫెల్స్ దొర డీపోల్ట్!" పోటీ అధికారి కేకేశాడు. తర్వాత ముసలావిడ వైపు తిరిగి, "అమ్మగారూ, ఇతను మీకు చుట్టమా? అయినవాళ్ళ మీద ఫిర్యాదు చెల్లదు," అన్నాడు.

"చుట్టమా, పక్కమా! ఈ మొహాన్ని ఇవాళే చూడ్డం. ఒక ఇల్లాలి గురించి నలుగురిలో నోటికొచ్చినట్టు వాగాడు. ఆవిడ పేరు చెప్పను. చెబితే పోయేది ఆవిడ పరువే."

డీపోల్ట్‌కి ఒళ్ళు మండిపోయింది. "అబద్ధం! నేనెవర్నీ ఏమీ అనలేదు!"

"రుజువైతే శిక్ష తెలుసుగా?" అన్నాడు అధికారి. "కర్ర దెబ్బలు. తర్వాత పోటీ ముగిసేదాకా మైదానం కంచె మీద కూర్చోవాలి. బరిలో దిగడానికి వీల్లేదు."

బరిలో దిగడానికి వీల్లేదు!

 డీపోల్ట్ చూపు పక్క బల్ల మీదికి పోయింది. అక్కడ ఎద్దు కొమ్ముల శిరస్త్రాణం ఉంది. అది స్వాబియా నుంచి వచ్చిన కుర్ర దొర యోర్గ్‌ది. పోయినేడు అతని బల్లెం దెబ్బకి గుర్రం మీంచి పడ్డవాడు మళ్ళీ లేవలేదు. రేపు యోర్గ్ ముందు నిలబడాల్సింది డీపోల్టే. వయసు యాభై దాటింది. ఎడమ మోకాలు వంగదు. తాగిన మైకంలో "వాణ్ణి నేను పడగొడతా" అని తొడగొట్టాడు. అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. వెనక్కి తగ్గితే పిరికివాడన్న పేరు మనవల కాలానికి కూడా చెరగదు. అదే నోటి దురుసు దొరలంటారా, ఈ ఫ్రాంకోనియా సీమలో గడ్డివాముకొకడు దొరుకుతాడు, ఆ పేరు ఎవరూ పట్టించుకోరు.

ఇంతలో అతని స్నేహితుడు కుంజ్ ముందుకి దూకాడు. "మా డీపోల్ట్ సంగతి నాకు తెలీదా? చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. సాక్ష్యం చూపించమనండి! సాక్ష్యం లేని ఫిర్యాదు కొట్టెయ్యాలి!"

"ఒరేయ్ కుంజ్, ఊరుకోరా," అన్నాడు డీపోల్ట్ పళ్ళ బిగువున.

"ఎందుకూరుకుంటాను? నీ తరఫున నేను ప్రమాణం చేస్తా! సిలువ తెప్పించండి!"

అధికారి గడ్డం నిమురుకున్నాడు. "ఆయన ప్రమాణం చేస్తానంటున్నాడు కనక…"

"అన్నాను!" డీపోల్ట్ కేక వసారా అంతా మోగింది. "నేనే అన్నాను. నోరు జారాను. తప్పయిపోయింది."

కుంజ్ నోరు తెరిచేశాడు. "ఎవరి గురించిరా?"

"పేరు చెబితే పరువు పోతుందని ఆవిడ చెప్పలేదూ!"

ముసలావిడ కూడా అతన్ని వింతగా చూసింది. నేరం ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు కాబోలు.

డీపోల్ట్ మరి అక్కడ నిలబడలేదు. విడిదికి వెళ్తే భార్య వాల్‌బుర్గ "ఎవరా ఇల్లాలు?" అని నిలదీస్తుంది. అందుకని కుంజ్ బసకి పోయి, తలుపేసుకుని, గుర్రుపెట్టి నిద్రపోయాడు.

మర్నాడు దెబ్బలు పడ్డాయి. నాలుగు పడేసరికి ఆడవాళ్ళు కూర్చున్న మంటపంలోంచి ఆ ముసలావిడే "చాలు, చాలు!" అంది. భటులు అతన్ని ఎత్తి కంచె మీద కూలేశారు. జనం ఈలలు వేశారు. ఎవరో ఉల్లిపాయ కూడా విసిరారు. వీపు భగ్గుమంటోంది. అయినా ఎండ హాయిగా ఉంది, మెడ మీద తల భద్రంగా ఉంది. డీపోల్ట్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

అంతలో మళ్ళీ ఈలలు. భటులు ఇంకొకణ్ణి లాక్కొచ్చి అతని పక్కన కంచె మీద కూర్చోబెట్టారు.

యోర్గ్!

"నువ్విక్కడేమిటి, అబ్బాయ్?"

"నిన్న మీరు వెళ్ళగానే నా శిరస్త్రాణాన్నీ తాకారు. నేనూ ఎవరో ఇల్లాల్ని ఏదో అన్నానట." యోర్గ్ వీపు తడుముకుంటూ గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకండి. నేను వెంటనే ఒప్పేసుకున్నాను. పోయినేడు ఆయన పోయినప్పట్నుంచీ బల్లెం ముట్టుకోబుద్ధి కావట్లేదు. పైగా ఎదురుగా మీరు! నాకు ముద్ద దిగితే ఒట్టు."

డీపోల్ట్‌కి నవ్వాగలేదు. నవ్వితే వీపు నొప్పి. అయినా నవ్వాడు. "నా మీద ఫిర్యాదు చేసిన మహాతల్లి అదుగో, మంటపం ముందు వరసలో కర్ర పట్టుకుని కూర్చుంది. ఎవరో గానీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి."

యోర్గ్ అటు చూసి తెల్లబోయాడు. "ఆవిడా? మా అమ్మ!"

"మీ అమ్మా! మరి నీ మీద చేసిందెవరు?"

"మా అమ్మ పక్కనే, ఆవిడ భుజం మీద చెయ్యేసి నవ్వుతోందే, ఆ నీలం ముసుగావిడ. ఎవరో నాకు తెలీదు."

డీపోల్ట్ కళ్ళు చికిలించి చూశాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "మా వాల్‌బుర్గ."