మాస్టరు సెలవు

"ఎల్లుండి మాత్రం కుదరదండీ. మా వంట మాస్టరు సెలవు పెట్టారు" అన్నాడు హోటల్ యజమాని, గల్లాబల్ల తుడుస్తూ.

డ్రైవరు ప్రాణం ఉసూరుమంది. పొద్దుటి నుంచి బస్సు నడిపి మోకాళ్ళు పట్టేసినా, డిపో నుంచి ఇంటికి పోకుండా ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి పడుతూ లేస్తూ వచ్చాడు. ఈ హోటల్ సంగతి వాళ్ళక్క చెప్పింది. మార్కెట్ వెనక వీధిలో ఉంటుంది, చూడ్డానికి ఏమీ ఉండదు గానీ తిన్నవాళ్ళు వదలరు అని.

"పోనీ ఇంకెవరైనా వండితే?"

"వండుతారు, మీరూ తింటారు. మళ్ళీ జన్మలో ఈ వీధిలోకి రారు. మాస్టరు చెయ్యి పడితేనే ఇక్కడ రుచండీ. నాదేముంది, ఇక్కడ కూర్చుని ఈగలు తోలడమే."

"మా ఆవిడ పుట్టినరోజండీ" అన్నాడు డ్రైవరు, కుర్చీలో కూలబడి. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదికీ వండి వారుస్తోంది. చుట్టాలొచ్చినా తనే, జ్వరమొచ్చినా తనే. ఆ ఒక్కరోజైనా పొయ్యి ముందు నిలబడకుండా చూడాలని నా ఆశ. తనకు చెప్పలేదు. తెలిస్తే వద్దని తనే వండుతుంది."

ఆ మాట పైపైన అన్నది కాదు. పిల్లల చదువులు మొదలైనప్పుడు, నలుగురికి క్యారియర్లు కట్టి ఇద్దామా అని ఆవిడ అడిగింది. అతను ఒప్పుకోలేదు. "ఇంట్లో చాకిరీ చాలదా? ఊరందరికీ నువ్వు వండిపెడుతుంటే నేను చూడలేను" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. రెడీమేడ్ బట్టల కంపెనీలో ఇస్త్రీ పనికి చేరానంది. అక్కడ మాత్రం సుఖమా? పొద్దస్తమానం నిలబడడమే. ఇంటికొస్తూనే ఎవరితోనూ మాట్లాడకుండా స్నానానికి పోయేది. ముంజేతి మీద కాలిన మచ్చ మానకముందే ఇంకొకటి పడేది. అవి చూసినప్పుడల్లా అతనికి గుండె కలుక్కుమనేది.

యజమాని మనసు కరిగింది. "ఉండండి, అడిగి చూస్తాను" అని వంటింటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. పొగ లాగే ఫ్యాను రొదలో లోపలి మాటలేవీ బయటికి వినిపించలేదు. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒప్పుకున్నారు. ఎవరో ఆడమనిషి సుఖపడుతుందంటే కాదనలేకపోయారు. ముఖం మాత్రం కాస్త చిన్నబోయింది."

"అయ్యో, ఏం పని పెట్టుకున్నారో పాపం!"

"పనేం లేదట. రోజంతా నిద్రపోదామనుకున్నారట."

"నిద్రదేముందండీ, ఎప్పుడైనా పోవచ్చు" అన్నాడు డ్రైవరు, ఊపిరి పీల్చుకుని.

పుట్టినరోజు నాడు తెల్లవారగానే ఆవిడ జడ బిగించుకుని పనికి బయలుదేరింది.

"ఇవాళైనా ఇంటిపట్టున ఉండకూడదూ?" అన్నాడతను మాటవరసకు. నిజంగా ఉండిపోతే తన పథకమంతా బెడిసికొట్టేదే.

"కుదరలేదండీ" అంది ఆవిడ, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

సాయంత్రానికి ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. వాళ్ళక్క బుడగలు ఊది ఊది ఆయాసపడుతోంది. హోటల్ యజమాని తనే గిన్నెలు తెచ్చి దింపి, ఖాళీ అయ్యాక వచ్చి తీసుకుపోతానని వెళ్ళాడు.

ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ ఒక్కసారిగా అరిచారు. ఆవిడ బెదిరి, గోడ పట్టుకుంది. తరవాత అందరినీ చూసి నవ్వింది. నవ్వుతూనే బల్ల దగ్గరికి వచ్చి ఒక గిన్నె మూత తీసి, అలాగే నిలబడిపోయింది.

"ఇవి... ఎక్కడివండీ?"

"మార్కెట్ వెనక హోటల్లోవి. ఆ మాస్టరుకి ఇవాళ సెలవట. నేను వదిలితేగా! పట్టుబట్టి మరీ మాన్పించాను, నీ కోసం."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. మళ్ళీ నవ్వబోయింది గానీ కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. భార్యను ఇంత సంతోషపెట్టగలనని అతను ఎన్నడూ అనుకోలేదు. అతనికీ కళ్ళు చెమర్చాయి.

"బాగానే ఉన్నాయిరా తమ్ముడూ" అంది వాళ్ళక్క, మూడోసారి కూర వడ్డించుకుంటూ. "ఎంతైనా మన అమ్మాయి చేతి వంట ముందు దిగదుడుపే అనుకో."

ఆవిడ రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టింది. ఆకలి లేదంది. అతను పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ముంజేతి మీద కొత్త బొబ్బ ఒకటి ఎర్రగా తేలి ఉంది.

"ఆ ఇస్త్రీపెట్టె పాడుగాను" అన్నాడు. "పోనీలే. ఇవాళ ఒక్కరోజైనా నిన్ను పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు, చూశావా?"

"చూశాను" అంది ఆవిడ మెల్లగా.

అంతలో గంట మోగింది. గిన్నెల కోసం హోటల్ యజమాని వచ్చాడు. ఆవిడ గబగబా లేచి లోపలికి పోబోయింది. అతను వదల్లేదు.

"సిగ్గెందుకు? రండి, లోపలికి రండి. ఎవరి కోసం మీ మాస్టరుని అంత కష్టపెట్టానో చూద్దురుగాని" అంటూ ఆవిడ భుజాలు పట్టుకుని ముందుకు తెచ్చాడు.

యజమాని నవ్వుతూ నమస్కారం పెట్టి తలెత్తాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

"మాస్టరూ, ఇది మీ ఇల్లా?"