ఒక్క టైల్ చాలు

"ఇది పేలదు కదా బాబాయ్?"

కిరియానా గొంతు తగ్గించి అడిగింది. కౌంటర్ మీద తనే పెట్టిన బ్యాటరీ సిగరెట్‌ని, ఆ వేప్‌ని చూడటానికి కూడా భయపడుతున్నట్టుంది. సిగరెట్లు మానడానికి పట్టుకున్న ఊతం అది. ఆమె కొడుకు తావేరాకి ఉబ్బసం. ఈ వేప్ ఆగిపోతే తను మళ్లీ సిగరెట్ అంటిస్తుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

కొట్టు యజమాని రాపటా కళ్లజోడు సర్దుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గిస్బర్న్ పట్నం రేవు వీధిలో ముప్పై ఏళ్లుగా ఆయనది కరెంటు సామాన్ల కొట్టు.

"దీనికేం, బాగానే ఉంది. ఏ ఛార్జర్ పెట్టావు?"

"సంతలో కొన్నది. మొన్న దుప్పటి మీదే ఛార్జింగ్‌కి పెట్టి నిద్రపోయా. కాలిన వాసనకి మెలకువొచ్చింది. మా అమ్మాయి జుట్టుకి జానెడు దూరంలో దుప్పటి పొగలేస్తోంది."

"ఆ ఛార్జర్ ఏదీ?"

"సముద్రంలోకి విసిరేశా."

"పాపం, చేపలేం చేశాయి నిన్ను?"

ఆమె నవ్వబోయింది. అంతలోనే కళ్లు మళ్లీ వేప్ మీదికి వెళ్లాయి. రాపటా అది చూశాడు. అప్పుడే పోసుకున్న తన టీ కప్పును ఆమె వైపు జరిపాడు.

"వెనకాల రాసుంది చూడు. అయిదు వోల్టులు, ఒక ఆంపియర్. లాప్‌టాప్‌ది, ఫోన్లకి గబగబా ఎక్కించేది, అవేవీ దీనికి పెట్టకు. దీంతో వచ్చిన తీగే వాడు. భద్రతా ముద్ర లేని ఛార్జర్ ఊరికే ఇచ్చినా తీసుకోకు. ఇక పెట్టే చోటు. పడకగదిలో వద్దు. వంటగదిలో పెట్టుకో, టైల్స్ నేల మీద."

"రెండూ ఒకచోటే బాబాయ్."

"మధ్యలో గోడ లేదా?"

"లేదు."

"ఈమధ్య అందరికీ అదే ఫ్యాషనయింది. పిల్లలు పడుకునే చోటికి ఎంత దూరం?"

ఆమె చెయ్యి చాపి చూపించింది. "ఇంత."

రాపటా నొసలు ముడిపడ్డాయి. "పొగొస్తే మోగే గంటుందా?"

"లేదు."

"ఇంటివాణ్ణి నిలదియ్యి. పెట్టించాల్సింది వాడే."

"సొంతిల్లే."

"అబ్బో. మావాడికి నలభై రెండొచ్చాయి, ఇంకా నా గ్యారేజీలోనే కాపురం. సరే, నిప్పంటుకుంటే బయటపడటానికి తలుపులెన్ని?"

"నాలుగు."

"నాలుగా? ఇల్లెటు చూస్తుంది?"

"సముద్రం వైపు."

"సముద్రానికెదురుగా నాలుగు తలుపుల సొంతిల్లు. నువ్వు నాకు టీ పొయ్యాలి గానీ నేను నీకు పొయ్యడమేంటి?"

ఈసారి ఆమె నవ్వలేదు. "వాటిల్లో రెండు లోపల్నించి తెరుచుకోవు బాబాయ్. పిల్లలు రోడ్డు మీదికి పరిగెడతారని నేనే అలా పెట్టా."

రాపటా ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"వాళ్లు పడుకునే వైపువేనా?"

ఆమె తల ఊపింది.

"ఇవాళే మార్చు. ఛార్జర్ తర్వాత. ముందు అది. ఇంతకీ ఏ ఇల్లమ్మాయ్? ఈ వీధిలో నాకు తెలియని గడప లేదే."

"కొత్తగా వచ్చాం. ఆ మలుపులోనే."

ఆయన గోడ అరలోంచి రెండు ఛార్జర్లు తీసి ముందు పెట్టాడు. కిరియానా వాటిని ముట్టుకోలేదు. పక్క అరలో ఉన్న, గోడ ప్లగ్గుకి పెట్టే కాళ్లు లేని గుండ్రటి పొట్టిదాన్ని చూపించింది.

"అది చాలు."

రాపటా దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. కిటికీలోంచి మలుపు వైపు చూశాడు. ఆ తర్వాత ఇంక ఒక్క హాస్యమూ ఆడలేదు. పొట్టిదాన్ని తీసి, దాని మీది అక్షరాలు రెండుసార్లు చదివి, "మంచిదే, ఒక ఆంపియరే" అన్నాడు. లోపలికెళ్లి ఒక తెల్లటి టైల్‌తో తిరిగొచ్చాడు.

"మా స్నానాలగదిలో మిగిలింది. వేప్ దీని మీదే పెట్టు. నువ్వు మేలుకుని ఉన్నప్పుడే పెట్టు. కిటికీ నాలుగు వేళ్లు దించి ఉంచు. వేడెక్కితే పీకెయ్. పొగొచ్చిందా, వస్తువుల గురించి ఆలోచించకు, పిల్లల్ని లాక్కుని పరిగెత్తు."

"సరే బాబాయ్."

"టీ తాగి వెళ్లు."

ఆమె రెండు గుక్కల్లో తాగేసి బయటపడింది.

అయిదు నిమిషాల్లో వస్తానని పిల్లలకు చెప్పి పావుగంటయింది. ఎవరింటి పొగగొట్టంలోంచో కట్టెల వాసన వచ్చింది. ఆమె మలుపు దాకా పరిగెత్తింది.

ఏమీ కాలేదు. కూతురు మనాయా తమ్ముడికి కథ చదివి వినిపిస్తోంది. తావేరా ఊపిరిలో సన్నటి ఈల. ఇవాళ నిన్నటికన్నా కాస్త నయం.

"మళ్లీ కాలుతుందా అమ్మా?" అంది మనాయా, జుట్టు గుప్పిట్లో పట్టుకుని.

"కాలదు. ఇదిగో, కొట్టు తాత టైల్ ఇచ్చాడు."

"ఒక్కటేనా?"

"మనింటికి ఒక్కటి చాలు."

ముందు ఆ రెండు తలుపుల సంగతి చూసింది. అంచున ఉన్న చిన్న మీటను వేలితో పైకి తోసి, మూసి, మనాయా చేత లోపల్నించి మూడుసార్లు తెరిపించింది. మూడుసార్లూ తెరుచుకున్నాయి. నాలుగోసారి కూడా తెరిపించింది.

తర్వాత టైల్‌ని నేల మీద పరిచి, దాని మీద వేప్ పెట్టి, తీగ తగిలించింది. చుట్టూ దుప్పటి అంచు గానీ, కాగితం ముక్క గానీ లేకుండా చేత్తో తడిమి చూసింది.

పొద్దు వాలుతోంది.

పిల్లలిద్దరికీ సీటు బెల్టులు బిగించి, అద్దం నాలుగు వేళ్లు దించి, ఆమె తాళంచెవి తిప్పింది. స్టీరింగ్ పక్కన గుచ్చిన పొట్టి ఛార్జర్ మీద చిన్న దీపం వెలిగింది. ఇల్లు మెల్లగా రోడ్డు మీదికి కదిలింది.